టాపెట్ బిగించే ముందు కొలవాలి: పాత షెవర్లే వి8లో వాల్వ్ శబ్దాన్ని ఎలా పట్టుకోవాలి

కొత్తగా పని చేయించిన పాత ఇంజిన్ స్టార్ట్ అయి, పది నిమిషాలు నడిచాక వాల్వ్ కవర్ కింద ఎక్కడో టిక్ టిక్ మని కొట్టుకోవడం మొదలవుతుంది. మామూలుగా ఏం జరుగుతుందంటే, కవర్ విప్పి, శబ్దం వచ్చే రాకర్ (వాల్వ్‌ను నొక్కి తెరిచే లీవర్) ఏదో చూసి, దాని నట్టు కొంచెం బిగిస్తారు. శబ్దం ఆగిపోతుంది. బండి బయటికి వెళ్తుంది. నెల తిరక్కుండానే అదే రాకర్ మళ్లీ కొట్టుకుంటుంది, మళ్లీ బిగిస్తారు. ఈసారి మాత్రం ఆయిల్‌లో ఇనుప రజను కలిసి బేరింగుల దాకా వెళ్లిపోయి ఉంటుంది.

ఇక్కడ అసలు తప్పు బిగించడం కాదు, కొలవకుండా బిగించడం. వదులైన రాకర్‌కూ వాల్వ్ కొనకూ మధ్య ఎంత గ్యాప్ ఉంది, సెట్ చేసినప్పుడు ఎంత ఉంది, ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంత అన్నదే ఇంజిన్ లోపల ఏది అరుగుతోందో చెప్పే మొదటి ఆధారం. స్పానర్ తిప్పగానే ఆ ఆధారం పోతుంది.

ఇక్కడ మాట్లాడుకునేది అమెరికన్ హాట్ రాడ్లకు గుండెకాయ లాంటి షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 గురించి. కాలిఫోర్నియా ఎండిన సరస్సుల మీద పాత ఫోర్డ్ కార్లను తేలిక చేసి, ఇంజిన్ బలం పెంచి పరిగెత్తించిన కుర్రాళ్ల చేతుల్లో హాట్ రాడ్ పుట్టింది. 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8 చాలాకాలం వాళ్లకు ఆధారం. ఎడ్ కోల్ చీఫ్ ఇంజినీర్‌గా ఉండగా 1955లో షెవర్లే 265 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 4.3 లీటర్ల వి8ను తెచ్చింది. అది వచ్చాక ఫ్లాట్‌హెడ్ మెల్లగా వెనక్కి తగ్గింది. తర్వాత 283, 327, 350 వచ్చాయి. 1957లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 283 ఇంజిన్ 283 హార్స్ పవర్ ఇచ్చిందంటే ఆ డిజైన్‌లో ఎంత దమ్ము ఉందో అర్థమవుతుంది.

ఆ దమ్ములో పెద్ద వాటా వాల్వ్ మెకానిజందే. క్యామ్ షాఫ్ట్ మీది ఉబ్బు, అంటే లోబ్, లిఫ్టర్‌ను (దీన్నే టాపెట్ అంటారు) పైకి తోస్తుంది. లిఫ్టర్ పుష్ రాడ్‌ను లేపుతుంది, పుష్ రాడ్ రాకర్ ఒక కొనను లేపితే రెండో కొన వాల్వ్‌ను నొక్కి తెరుస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌ మీద పనిచేసిన మన మెకానిక్‌లకు పుష్ రాడ్లు, రాకర్లు కొత్త కాదు. కాకపోతే అందులో రాకర్లన్నీ ఒకే షాఫ్ట్ మీద కూర్చుంటాయి, స్క్రూ, లాక్ నట్టుతో సెట్ చేస్తారు. షెవర్లేలో అలాంటి షాఫ్ట్ లేదు. ప్రతి రాకర్‌కూ హెడ్‌లో దిగ్గొట్టిన ఒక స్టడ్, దాని మీద అర్ధగోళం లాంటి ఒక బాల్, పైన ఒక నట్టు, అంతే. రాకర్ కూడా పోత పోసింది కాదు, రేకును ప్రెస్సులో నొక్కి చేసింది. ఈ ఆలోచన జనరల్ మోటార్స్‌లోనే ఉన్న పాంటియాక్ విభాగం నుంచి వచ్చింది. తేలిక, చవక, ఎక్కువ ఆర్‌పీఎంకు నిలుస్తుంది. అయితే పదహారు వాల్వ్‌లకు పదహారు విడివిడి స్టడ్‌లు, విడివిడి బాల్‌లు, విడివిడి నట్లు ఉండడం వల్ల ఏ ఒక్కటి కదిలినా దాని లెక్క అదే చెబుతుంది. ట్రబుల్‌షూటింగ్‌కు ఇది పెద్ద వరం.

ఏదైనా విప్పే ముందు ఆ శబ్దం నిజంగా వాల్వ్‌లదేనా అని తేల్చుకోవాలి. క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది. అందుకని 600 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో ఒక రాకర్ సెకనుకు ఐదుసార్లు కొడుతుంది, అంతకంటే ఎక్కువ కాదు. టైమింగ్ లైట్ ఒక ప్లగ్ వైరుకు తగిలిస్తే అది కూడా క్యామ్ వేగంతోనే వెలుగుతుంది కాబట్టి, శబ్దం వెలుగుతో కలిసి నడుస్తుంటే అనుమానం పైభాగం మీదకు వెళ్తుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు కూడా అచ్చం ఇలాగే టిక్ మంటుంది, కానీ ఇంజిన్ వేడెక్కి ఇనుము వ్యాకోచించాక చాలాసార్లు తగ్గిపోతుంది. కవర్ తీసి, ఐడ్లింగ్‌లో ఉండగా రాకర్‌కూ వాల్వ్ కొనకూ మధ్య సన్నటి ఫీలర్ గేజ్ దూర్చితే ఏ రాకర్ దగ్గర శబ్దం ఆగుతుందో తెలుస్తుంది. ఆయిల్ చిందుతుంది, దాన్ని ఆపే చిన్న క్లిప్పులు దొరుకుతాయి.

సాలిడ్ లిఫ్టర్ (గ్యాప్‌ను తానే సర్దుకోలేని గట్టి లిఫ్టర్) ఇంజిన్ అయితే ఇంజిన్ వేడి మీద పదహారు గ్యాప్‌లూ కొలిచి కాగితం మీద రాయాలి. ఎంత ఉండాలన్నది క్యామ్‌ను బట్టి ఉంటుంది. 1964లో 365 హార్స్ పవర్ 327తో వచ్చిన క్యామ్‌కు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండిటికీ 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.76 మిల్లీమీటర్లు. అందుకే దానికి థర్టీ థర్టీ అనే పేరు స్థిరపడిపోయింది. అదే ఇంకో క్యామ్‌కు అందులో సగం చాలు. క్యామ్‌తో వచ్చిన కార్డు మీది అంకె తప్ప ఇంకేదీ నమ్మకూడదు. పైగా ఇలాంటి క్యామ్ ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో కొంత శబ్దం చేస్తూనే ఉంటుంది. అది జబ్బు కాదు. దాన్ని ఆపాలని గ్యాప్ తగ్గిస్తే వాల్వ్ సీటు మీద ఆనే సమయం తగ్గి, చల్లబడే అవకాశం లేక కాలిపోతుంది.

కొలిచేటప్పుడు లిఫ్టర్ క్యామ్ లోబ్ గుండ్రటి వెనక భాగం మీద ఉండాలి. దీనికి నమ్మదగ్గ పద్ధతి ఒక్కో సిలిండర్‌ను విడిగా చూడడం. ఎగ్జాస్ట్ తెరుచుకోవడం మొదలవగానే ఆ సిలిండర్ ఇన్‌టేక్‌ను సెట్ చేయాలి. ఇన్‌టేక్ పూర్తిగా తెరుచుకుని, తిరిగి దాదాపు మూతపడే దశలో ఎగ్జాస్ట్‌ను సెట్ చేయాలి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఒకేసారి కొన్ని వాల్వ్‌లు సెట్ చేసే పాత పద్ధతి కంపెనీ క్యామ్‌లకు సరిపోతుంది కానీ, వాల్వ్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచే రేస్ క్యామ్‌లకు అది దగా చేస్తుంది.

ఇప్పుడు ఆ పదహారు అంకెలను చదవాలి. గ్యాప్ పెరిగిందంటే క్యామ్‌కూ వాల్వ్‌కూ మధ్య ఏదో అరిగింది, వంగింది, లేదా జారింది. లిఫ్టర్ అడుగు, పుష్ రాడ్ కొన, రాకర్ బాల్, పైకి లేచిన స్టడ్, వదులైన నట్టు, వీటిలో ఏదైనా కావచ్చు. గ్యాప్ తగ్గిందంటే వాల్వ్ సీటులోకి దిగబడుతోంది, లేదా వాల్వే సాగుతోంది. రెండూ పూర్తిగా వేర్వేరు జబ్బులు, వేర్వేరు వైద్యాలు. శబ్దం వచ్చేది మొదటి దానిలోనే. రెండో దానిలో ఇంజిన్ ఇంకా మెత్తగా నడుస్తుంది, కాబట్టి ఎవరూ కవర్ విప్పరు. అసలు భయపడాల్సింది దానికే.

ఒక మెలిక ఉంది. గ్యాప్ కొలిచేది లోబ్ వెనక భాగం మీద కనుక, లోబ్ కొన ఎంత అరిగినా ఆ అరుగుదల గ్యాప్‌లో నేరుగా కనిపించదు. కనిపించేది దానితో పాటు అరిగిన లిఫ్టర్ అడుగు మాత్రమే. రాకర్ నిష్పత్తి 1.5 కాబట్టి, వాల్వ్ దగ్గర గ్యాప్ 18 థౌ నుంచి 30కి పెరిగితే, ఆ 12 థౌ తేడా లిఫ్టర్ వైపు 8 థౌ అరుగుదలతో సమానం. లోబ్ సంగతి తేలాలంటే డయల్ గేజ్ పెట్టి, పుష్ రాడ్ ఎంత పైకి లేస్తోందో పదహారింటికీ కొలవాలి. ఇన్‌టేక్‌లన్నీ ఒక అంకె దగ్గర, ఎగ్జాస్ట్‌లన్నీ ఒక అంకె దగ్గర ఉండాలి. ఒకటి మాత్రం 40, 50 థౌ తక్కువ చూపిస్తే ఇక వాదన అక్కర్లేదు, ఆ లోబ్ పోయింది.

రీబిల్డ్ చేసిన పాత ఇంజిన్లలో అన్నిటికంటే ఎక్కువ గుండెకోత మిగిల్చేది ఈ లోబ్ అరుగుదలే. ఇది ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. ఫ్లాట్ టాపెట్ అని పేరే కానీ లిఫ్టర్ అడుగు నిజంగా చదునుగా ఉండదు. మధ్యలో అతి స్వల్పంగా ఉబ్బెత్తుగా ఉంటుంది. లోబ్ కూడా ఒక పక్కకు కాస్త వాలుగా సాన పట్టి ఉంటుంది. ఈ రెండింటి వల్ల లోబ్ తగిలే చోటు లిఫ్టర్ మధ్య నుంచి పక్కకు జరిగి, ప్రతి దెబ్బకూ లిఫ్టర్ కొద్దికొద్దిగా తన చుట్టూ తాను తిరుగుతుంది. ఎప్పటికప్పుడు కొత్త చోటు లోబ్ కిందకు వస్తుంది. లిఫ్టర్ తిరగడం ఆగిందా, ఒకే గీత మీద రాపిడి పడి నిమిషాల్లో ఉబ్బెత్తు పోయి గుంట పడుతుంది. తిరుగుతోందో లేదో చూడడం కష్టమేమీ కాదు. పుష్ రాడ్ మీద మార్కర్‌తో ఒక గీత గీసి, మొదటి స్టార్ట్‌లో కవర్ తీసి గమనిస్తే చాలు. లిఫ్టర్‌తో పాటు పుష్ రాడ్ కూడా తిరుగుతుంది. పదిహేను తిరుగుతూ ఒకటి నిలబడిపోయిందంటే ఇంజిన్ వెంటనే ఆపాలి. విప్పాక ఇంకో లిఫ్టర్ పక్క అంచును దీని అడుగు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, మంచి లిఫ్టర్ మధ్యలో ఆని అంచుల దగ్గర వెలుతురు కనిపిస్తుంది. చెడిపోయినదాని మధ్యలో వెలుతురు కనిపిస్తుంది.

బయటికి కనిపించే లక్షణాల్లో ఒకటి ప్రత్యేకం. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే కాలిన గ్యాస్ సిలిండర్ నుంచి పూర్తిగా బయటికి పోదు. ఇన్‌టేక్ తెరుచుకోగానే అది మానిఫోల్డ్‌లోకి ఎగదన్ని కార్బురేటర్‌లోంచి టప్ మంటుంది. చూసినవాళ్లు కార్బురేటర్‌నో టైమింగ్‌నో అనుమానించి వారాలు తిప్పలు పడతారు. అప్పుడు లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే పరీక్ష) చేస్తే సిలిండర్ గాలిని చక్కగా పట్టి ఉంచుతుంది, ఎందుకంటే వాల్వ్ బాగానే మూసుకుంటోంది, తెరుచుకోవడం లేదంతే. లీక్‌డౌన్ బాగుండి, ఒక్క సిలిండర్ మాత్రమే అలా ఎగదంతుంటే ప్లగ్గులు మార్చడం ఆపి డయల్ గేజ్ తీయాలి.

కారణాల్లో పెద్దది మొదటి అరగంటే. ఈ ఇంజిన్‌లో లోబ్‌లకు ఆయిల్ ప్రెషర్‌తో రాదు, క్రాంక్ తిరుగుతూ చిమ్మితే పడుతుంది. ఐడ్లింగ్‌లో చిమ్మేది తక్కువ. పైగా తక్కువ వేగంలోనే లోబ్ కొన మీద బరువు ఎక్కువ. వేగం పెరిగినప్పుడు పైకి దూసుకుపోయే వాల్వ్ భాగాల ఊపు స్ప్రింగ్ ఒత్తిడిలో కొంత భాగాన్ని మోస్తుంది. అందుకే కొత్త క్యామ్ వేసిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎంకు తీసుకెళ్లి, వేగాన్ని కాస్త అటూ ఇటూ మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపమంటారు. డబుల్ స్ప్రింగులు ఉంటే లోపలి స్ప్రింగులు తీసి నడపడం ఇంకా మంచిది. స్టార్ట్ కాక సెల్ఫ్ కొడుతూ ఉండడం అన్నిటికంటే చెడ్డది, క్యామ్ మీద పూసిన పేస్టు తుడిచిపెట్టుకుపోతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు నింపి, టైమింగ్ కుదిర్చి, ఒక్క సెల్ఫ్‌కు అందుకునేలా అన్నీ సిద్ధం చేసుకున్నాకే తాళం తిప్పాలి.

రెండో కారణం ఆయిల్. ఫ్లాట్ టాపెట్లను కాపాడే రసాయనం జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ. క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఆధునిక ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ను తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎం ప్రమాణం పల్చటి గ్రేడ్‌లకు 0.08 శాతం పరిమితి పెట్టింది. అడుగున చిన్న చక్రం ఉండే రోలర్ లిఫ్టర్లున్న కొత్త ఇంజిన్లకు దానితో ఇబ్బంది లేదు. 1960ల నాటి క్యామ్‌కు, అదీ గట్టి స్ప్రింగులు వేసినదానికి, అది చాలదు. క్యామ్ పోయిన ప్రతిసారీ తప్పంతా ఆయిల్ మీదకే నెట్టే అలవాటు ఒకటుంది. నాసిరకం లిఫ్టర్, బోరులో బిగుసుకున్న లిఫ్టర్, మరీ గట్టి స్ప్రింగు కూడా సమానంగా దోషులే. కొత్త లిఫ్టర్ తన బరువుకే బోరులోకి జారిపోవాలి. అలా జారని చోట క్యామ్ వేయకూడదు.

ఆయిల్ అసలు పైదాకా చేరుతోందా అన్నది ఇంకో ప్రశ్న. స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ తీసేసి, ఆయిల్ పంపును డ్రిల్లు మెషిన్‌తో తిప్పి ప్రెషర్ తెప్పించడం మంచి అలవాటు. అయితే స్మాల్ బ్లాక్‌లో డిస్ట్రిబ్యూటర్ కింది భాగమే ఒక ఆయిల్ దారిని మూసి ఉంచుతుంది. ఉత్త రాడ్డుతో తిప్పితే ఆయిల్ అక్కడే బయటికి పోయి, ఒక వైపు లిఫ్టర్లకు అందదు. ఆ రంధ్రాన్ని మూసే కాలర్ ఉన్న టూల్ కావాలి. తిప్పుతూ మధ్యమధ్యలో క్రాంక్‌ను చేత్తో తిప్పితే పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ కనిపించాలి.

1955, 56 నాటి 265 బ్లాకులతో పనిచేసేవాళ్లను తరచూ దెబ్బతీసే సంగతి ఒకటి ఉంది. ఆ రెండేళ్ల బ్లాకుల్లో లిఫ్టర్లకు వెళ్లే ఆయిల్ క్యామ్ షాఫ్ట్ వెనక జర్నల్ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) మీది గాడి గుండా పోయేది. 1957 నుంచి ఆ దారిని బ్లాకులోనే బేరింగు వెనక పెట్టారు కాబట్టి తర్వాతి క్యామ్‌లకు గాడి అవసరం లేకపోయింది. క్యామ్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, చక్కగా ఎక్కుతుంది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, మీటర్‌లో ఆయిల్ ప్రెషర్ కూడా బాగానే చూపిస్తుంది. పైన రాకర్లు మాత్రం పొడిగా ఉంటాయి. కాసేపటికి బాల్‌లు కాలి నీలం రంగుకు తిరుగుతాయి. పదహారు రాకర్లూ ఒకేసారి అరవడం మొదలుపెడితే, అదీ మొదటి తరం బ్లాకులో అయితే, మొదట చూడాల్సింది వెనక జర్నల్‌ను. 1955 నాటి ఇంజిన్‌కు బ్లాకులో ఆయిల్ ఫిల్టర్ అమరిక కూడా ఉండేది కాదు, అందుకని ఒక చోట పుట్టిన రజను అన్ని చోట్లా తిరిగేది.

స్టడ్‌ల విషయం తేలిక. హెడ్‌లో దిగ్గొట్టిన స్టడ్ గట్టి స్ప్రింగుల ధాటికి కొంచెంకొంచెంగా పైకి లేస్తుంది. వరసగా ఉన్న స్టడ్‌ల మీద స్టీలు స్కేలు పెడితే లేచినది పట్టుబడుతుంది. దాన్ని మళ్లీ దిగ్గొట్టడం వైద్యం కాదు, మర తిప్పి మరలున్న స్టడ్ వేయించాలి. స్టడ్ కదలకపోయినా గ్యాప్ పెరిగిందంటే నట్టును చూడాలి. పలుసార్లు విప్పి బిగించిన పాత లాక్ నట్టు చేతి వేళ్లకే తిరిగిపోతుంటుంది.

రీబిల్డ్‌లో బ్లాకు పైభాగం మర పట్టించి, హెడ్ మర పట్టించి, గ్యాస్కెట్ మందం మార్చి, పాత క్యామ్‌ను తిరిగి సాన పట్టించి, చివరికి పాత పుష్ రాడ్‌లే వేస్తే పొడవు సరిపోతుందని అనుకోలేం. సాన పట్టించిన క్యామ్ వెనక భాగం చిన్నదవుతుంది కాబట్టి లిఫ్టర్ కిందకు దిగుతుంది. హెడ్ మర పట్టిస్తే రాకర్ కిందకు దిగుతుంది. ఒక్కోసారి ఒకదానికొకటి సరిపోతాయి, చాలాసార్లు సరిపోవు. వాల్వ్ కొన మీద మార్కర్ పూసి, రెండు చుట్లు తిప్పి చూస్తే రాకర్ రాసిన చార కనిపిస్తుంది. అది వీలైనంత మధ్యలో, వీలైనంత సన్నగా ఉండాలి. అంచుకు పోయిందంటే వాల్వ్‌ను పక్కకు తోస్తోందన్నమాట, కొత్త గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) కూడా త్వరగా వదులవుతుంది.

వంగిన పుష్ రాడ్ దొరికితే కొత్తది వేసి ఊరుకోకూడదు. పుష్ రాడ్ ఊరికే వంగదు. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగులుతున్నాయా, రిటైనర్ (స్ప్రింగును పైన పట్టి ఉంచే బిళ్ల) గైడ్‌కు కొడుతోందా, రేకు రాకర్ గాడి స్టడ్‌కు ఆనుతోందా, వాల్వ్ పిస్టన్‌ను తాకుతోందా అని ఒక్కొక్కటీ చూడాలి. పూర్తి లిఫ్ట్ దగ్గర స్ప్రింగు చుట్ల మధ్య మొత్తం మీద సుమారు 60 థౌ, రిటైనర్‌కూ గైడ్‌కూ మధ్య సుమారు 60 థౌ ఖాళీ మిగలాలి. ఇవన్నీ బాగుంటే అనుమానం గైడ్ మీదకు పోతుంది. కొత్త కంచు గైడ్‌లను మరీ బిగువుగా వదిలేస్తే వేడెక్కాక వాల్వ్ అందులో పట్టేస్తుంది, చల్లారాక మామూలుగా కదులుతుంది. చల్లటి ఇంజిన్ మీద పరీక్షించినంతకాలం ఈ దోషం దొరకదు.

లోపలి ఆయిల్‌తో సందును తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లుంటే కొలిచే గ్యాప్ ఉండదు. పుష్ రాడ్ ఆట పోయిన చోటు నుంచి నట్టును అర చుట్టు నుంచి ఒక చుట్టు దాకా బిగిస్తారు. పుష్ రాడ్‌ను వేళ్లతో గిరగిరా తిప్పుతూ అది ఆగే చోటును సున్నాగా తీసుకుంటే మెత్తని లిఫ్టర్ లోపలికి అణిగి మోసం చేస్తుంది. పైకీ కిందకీ కదిపి చూడడమే నమ్మకం. చల్లటి స్టార్ట్‌లో రెండు క్షణాలు కొట్టుకుని ఆగితే పట్టించుకోనక్కర్లేదు. వేడెక్కాక ఐడ్లింగ్‌లో కొడితే ఆయిల్ ప్రెషర్ చూడాలి. ఒక్కటే ఎప్పుడూ కొడుతుంటే అందులో రీబిల్డ్ నాటి చెత్త ఇరుక్కుని ఉండొచ్చు. 5500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ తడబడితే అందరూ ఇగ్నిషన్‌ను తిడతారు. బలం తగ్గిన స్ప్రింగు వల్ల వాల్వ్ తేలి, ఆ సందును లిఫ్టర్ ఆయిల్‌తో నింపేసి వాల్వ్‌ను మూసుకోనివ్వకపోవడం అంతే సాధారణం. వాక్యూమ్ గేజ్ ముల్లు ఐడ్లింగ్‌లో నిలకడగా ఉండి, వేగం పెరిగేకొద్దీ వణుకు పెరిగితే స్ప్రింగుల వైపే చూడాలి.

మళ్లీ తగ్గిపోయే గ్యాప్ దగ్గరికి వస్తే, అది పెట్రోలుతో ముడిపడిన కథ. పాత హెడ్‌లలో ఎగ్జాస్ట్ సీటు మామూలు పోత ఇనుమే. పెట్రోల్‌లోని సీసం దాని మీద పొరలా నిలిచి కాపాడేది. భారత్‌లో 2000 నాటికి, అమెరికాలో రోడ్డు వాహనాలకు 1996 నుంచి సీసం పోయింది. అది పోవడం మంచికే, పిల్లల ఆరోగ్యం ముందు సీట్లు లెక్క కాదు. కానీ గట్టి సీట్లు వేయించని హెడ్‌తో హైవే మీద వేగంగా, బరువుతో తిరిగితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటులోకి దిగుతూ పోతుంది. ప్రతి సర్వీసులో నాలుగైదు థౌ తగ్గినట్టు అంకెలు చెబుతుంటే, గ్యాప్‌ను మళ్లీ సెట్ చేయడం వాయిదా వేయడమే. హెడ్ విప్పి గట్టి సీటు రింగులు వేయించాలి.

లోబ్ పోయిందని తేలిన ఇంజిన్‌కు మాత్రం సగం వైద్యం ఉండదు. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతల కాగితం విప్పి అయస్కాంతం ఆడిస్తే ఎంత ఇనుము తిరిగిందో తెలుస్తుంది. ఆ ఇనుము మెయిన్ బేరింగుల్లోనూ, ఆయిల్ దారుల్లోనూ ఉంటుంది, క్యామ్ మార్చినంత మాత్రాన పోదు. ఇంజిన్ పూర్తిగా దించి, బ్లాకు ప్లగ్గులన్నీ తీసి, దారులన్నీ బ్రష్‌తో కడిగించాల్సిందే. కొత్త క్యామ్‌కు పదహారూ కొత్త లిఫ్టర్లే వేయాలి. బాగున్న పాత క్యామ్‌నే తిరిగి వాడితే ఏ లిఫ్టర్ ఏ లోబ్ మీద నడిచిందో అక్కడికే వెళ్లాలి, అందుకే విప్పేటప్పుడే అంకెలు వేసిన డబ్బాలో వరసగా పెట్టుకోవాలి. తిరిగి బిగించాక మొదటి అరగంట నడిచిన వెంటనే ఒకసారి, వంద కిలోమీటర్లకు ఇంకోసారి పదహారు గ్యాప్‌లు కొలిచి, తేదీ వేసి, ఆ కాగితాన్ని బండి కాగితాలతో పాటు పెట్టాలి.